లేపగానే లేవాలి

మా ఆఫీసులో ఆమెను అందరూ నిదానంగారు అనేవాళ్ళు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె ఏమీ అనుకునేది కాదు. ఎవరేం అడిగినా చప్పున జవాబు చెప్పడం ఆమెకు చేతకాదు. ప్రశ్న పూర్తిగా విని, కళ్ళజోడు తీసి, రుమాలుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని అప్పుడు నోరు విప్పేది. ఆలోగా మీటింగులో మరో ఇద్దరు మాట్లాడేసేవాళ్ళు, చర్చ ఇంకో చోటికి వెళ్ళిపోయేది. అయినా ఆమె వదిలేది కాదు. "ఇందాక అడిగారు కదా..." అంటూ పాత ప్రశ్నకు జవాబు మొదలుపెట్టేది. మేమంతా నవ్వేవాళ్ళం. ఆమె కూడా నవ్వి, చెప్పాల్సింది పూర్తిగా చెప్పి కూర్చునేది.

ఆమె పని చిప్‌లోని సర్క్యూట్లు తయారుచేయడం. ఆ సర్క్యూట్లలో ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలో, ఏ తీగ ఎటు పోవాలో గీయడం నా పని. మా బల్లలు పక్కపక్కనే. వయసులో నాకంటే చిన్నది కాబట్టి నన్ను అన్నయ్యా అని పిలిచేది. ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. ఈయన స్టీరింగు పట్టుకుంటే సిగ్నల్లో పచ్చదీపం కూడా కంగారుపడుతుందని ఆమె అంటుంది. నా పెళ్ళాం టీ చల్లారేదాకా ఆలోచించి, వేడి చేసుకుని మళ్ళీ ఆలోచిస్తుందని ఆయన అంటాడు. వాళ్ళింటి కింది వాటాలో ఆమె చెల్లెలు ఉంటుంది. ఆ అమ్మాయి నర్సు. ఆస్పత్రిలో కాదు, ఇళ్ళకు వెళ్ళి గర్భిణులను చూసే నర్సు. అక్క ఎంత నెమ్మదో చెల్లెలు అంత చురుకు. నోట్లో మాట ఆగదు.

మేమప్పుడు చేస్తున్న చిప్ ఆ చెల్లెలి లాంటి నర్సుల కోసమే. సంచీలో పెట్టుకుని తిరిగే చిన్న స్కానింగ్ యంత్రం అది. పొట్ట మీద ఆనించే ప్రోబ్ ఒకటి, చేతిలో పట్టుకునే తెర ఒకటి, రెంటి మధ్యా సన్నటి వైరు. ప్రోబ్‌లో ఉన్న మా చిప్ లోపలి నుంచి వచ్చే ప్రతిధ్వనులను బిట్లుగా, అంటే సున్నాలుగా ఒకట్లుగా మార్చి, ఆ వైరు మీద ఒకదాని వెనక ఒకటిగా, ఊహకందని వేగంతో తెరకు పంపుతుంది. ఇలా బిట్లు పంపే దారిని లింకు అంటాం. దానికి ఒక జబ్బుంది. పంపడానికేమీ లేకపోయినా ఊరికే ఉండలేదు. రెండు చివర్లూ ఒకే తాళంలో ఉండాలి కాబట్టి, పనికిరాని బిట్లనైనా పంపుతూనే ఉండాలి. బ్యాటరీని సగానికి సగం అదే తినేస్తుంది.

అందుకని పని లేనప్పుడు లింకును నిద్రపుచ్చుతారు. నిద్రపుచ్చడం తేలికే. తిప్పలన్నీ లేపేటప్పుడే. చిప్‌లోని గడియారం మళ్ళీ వేగం అందుకోవాలి. అవతలి వైపు రిసీవరు ఆ వేగంతో జత కలవాలి. ఒక బిట్ ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో పోల్చుకోవాలి. అన్నీ కుదిరితే కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది. ఒక్కటి తప్పితే మొత్తం మొదటికొస్తుంది. మా మొదటి చిప్ ల్యాబులో చక్కగానే లేచింది. ఆస్పత్రి వాళ్ళు కొన్ని యంత్రాలు తీసుకుని వాడి చూస్తామన్నారు. అందులో ఒకటి చెల్లెలి సంచీలోకి చేరింది.

ఒక సెలవు రోజు పొద్దున ముగ్గురూ కలిసి టీ తాగుతుండగా చెల్లెలు మొదలుపెట్టిందట.

"అక్కా, ఒక మాట చెప్తాను. కోప్పడవు కదా?"

"మీ అక్కకు కోపం రావాలంటే ముందు దరఖాస్తు పెట్టుకోవాలి, చెప్పు," అన్నాడు బావ.

"నువ్వుండు బావా. అక్కా, మీ యంత్రం నిద్రపోతే ఓ పట్టాన లేవడం లేదు."

నిదానంగారు కప్పు కింద పెట్టింది.

"మొన్నామధ్య ఒకావిడ ఫోన్ చేసింది. తొలిచూలు. పొద్దుట్నుంచి బిడ్డ కదలడం లేదని ఒకటే కంగారు. పరుగెత్తుకుని వెళ్ళాను. జెల్ రాశాను, చెయ్యి పట్టుకుని నాలుగు మాటలు చెప్పాను. ఈలోగా మీ వాడు నిద్రపోయాడు. ప్రోబ్ పెడితే తెర నల్లగా ఉంది. ఎంతకీ అలాగే ఉంది. ఆవిడ తెర వంక చూసింది, నా మొహం వంక చూసింది. 'లేదా?' అంది. ఆ ఒక్క మాటేనే అక్కా. యంత్రం లేవలేదమ్మా అని నేను నెత్తీనోరూ కొట్టుకుంటున్నా ఆవిడకు వినపడ్డం లేదు. తర్వాత బొమ్మ వచ్చింది. బిడ్డ నిక్షేపంలా ఉంది, గుండె టకటకా కొట్టుకుంటోంది. కానీ ఆవిడ ఏడుపు ఆపడం మా తరం కాలేదు. వాళ్ళాయన నన్ను చూసిన చూపు ఉంది చూడు..."

చెల్లెలు అంతటితో ఆగిపోయింది. ఆ అమ్మాయి మాట మధ్యలో ఆగడం ఇంట్లో ఎవరూ చూడలేదు.

"అందుకని మేం నర్సులందరం సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ నిద్ర తీసేశాం. ఇప్పుడేమో మధ్యాహ్నానికే బ్యాటరీ గుడ్లు తేలేస్తోంది. సాయంత్రం ఇళ్ళకు యంత్రం లేకుండానే వెళ్తున్నాం."

నిదానంగారు కళ్ళజోడు తుడుచుకుంది. "ఆ రోజు బయట చలిగా ఉందా?"

"ఎముకలు కొరికే చలి. ఇదేం ప్రశ్నే?"

"ప్రోబ్ సంచీలో ఎక్కడ పెట్టావు?"

"పక్క జేబులో. అక్కా, నేనేం చెప్తున్నాను, నువ్వేం అడుగుతున్నావు?"

మర్నాడు ఆమె ఆఫీసుకు సెలవు పెట్టి చెల్లెలి వెంట బయల్దేరింది. ఇవన్నీ తర్వాత చెల్లెలే నాకు చెప్పింది. అక్క సంచీ మోస్తానని పట్టుబట్టిందట. ఇంటింటికీ మెట్లెక్కి, ప్రతి గదిలో ఒక మూల కుర్చీలో కూర్చుందట. చూసిందల్లా ఒక్కటే, ప్రోబ్ చేతిలోకి ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పక్కన పెడుతున్నారు అని. ల్యాబులో మేమెవరం ఊహించని సంగతి ఆమెకు అక్కడ కనిపించింది. నర్సు యంత్రాన్ని ఏకబిగిన వాడదు. పెడుతుంది, తీస్తుంది, మాట్లాడుతుంది, చెయ్యి తుడుచుకుంటుంది, తల్లి పక్కకు ఒత్తిగిలేదాకా ఆగి మళ్ళీ పెడుతుంది. ఒక్కో ఇంట్లో లింకు లెక్కలేనన్నిసార్లు నిద్రపోయి లేవాలి. పైగా వీధిలో మంచులా ఉన్న ప్రోబ్ వెచ్చటి ఒంటికి తగిలి, చూస్తుండగానే వేడెక్కుతోంది. చలిలో కుదిరిన గడియారం వెచ్చదనంలో కుదరదు. మొదటిసారి తప్పుతుంది, మళ్ళీ మొదటికి వెళ్తుంది, ఆలోగా ప్రోబ్ ఇంకాస్త వేడెక్కి మళ్ళీ తప్పుతుంది. తెర నల్లగా ఉండిపోవడానికి కారణం అది.

ఆ సంగతి చెప్పడానికి ఆమె ఆఫీసుకు వచ్చేసరికి ఇక్కడ వేరే తీర్మానం సిద్ధంగా ఉంది. మా మేనేజరును మేం గడువుగారు అనేవాళ్ళం. మంచివాడే కానీ తేదీ తప్ప ఇంకేదీ తలకెక్కదు. ఆస్పత్రి నుంచి ఫిర్యాదు ఆయనకూ చేరింది.

"కొత్త చిప్‌లో నిద్ర తీసేద్దాం. పీడా వదిలిపోతుంది. పెద్ద బ్యాటరీ పెట్టుకోమందాం," అన్నాడు.

అందరూ తలలూపారు. ఆయన తర్వాతి విషయంలోకి వెళ్ళిపోయాడు. అది కూడా సగం అయ్యాక నిదానంగారు గొంతు సవరించుకుంది.

"ఇందాక బ్యాటరీ గురించి అన్నారు కదా సార్. ఆ సంచీ నిన్న నేను మోశాను. ఇంకా బరువు పెట్టకూడదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. గడువుగారు నవ్వలేదు. "మరేం చేద్దామంటారు?"

"నిద్ర తీసెయ్యొద్దు. చప్పున లేచేలా చేద్దాం. నేను చేస్తాను."

"చిప్ ఫ్యాక్టరీకి వెళ్ళే తేదీ కదలదు. అది తెలుసు కదా?"

"తెలుసు సార్."

"అయితే చూడండి. అప్పటికి కుదరకపోతే మాత్రం తీసేస్తాం."

మొదట ఆమెకు వచ్చిన ఆలోచన నాకు ఎంతగానో నచ్చింది. నిద్రపోయే ముందు లింకు ఎక్కడెక్కడ కుదిరిందో ఆ అంకెలన్నీ చిన్న మెమొరీలో దాచిపెట్టాలి. లేచాక గుడ్డిగా వెతుక్కోకుండా, దాచిన చోటు నుంచే మొదలుపెట్టాలి. కంప్యూటరులో పరీక్షిస్తే అద్భుతంగా పనిచేసింది. పాత చిప్‌లోనే కొన్ని అంకెలు బయటి నుంచి మార్చుకునే వీలుంది కాబట్టి, బల్ల మీద కూడా ఆ పద్ధతి పెట్టి చూశాం. లింకు ఇట్టే లేచింది. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఆమె మాత్రం సొరుగులోంచి జుట్టు ఆరబెట్టుకునే మిషను తీసింది. ఇంటి నుంచి తెచ్చుకుందట. ప్రోబ్ మీదికి వేడిగాలి కొట్టి, లింకును నిద్రపుచ్చి, లేపింది. తెర నల్లగా ఉండిపోయింది. మళ్ళీ లేపింది. అంతే.

"దాచుకున్నది చల్లగా ఉన్నప్పటి అంకె అన్నయ్యా. ఇప్పుడది పనికిరాదు," అంది.

అది ఊహించిందే. దానికి మందు కూడా ఆమె దగ్గర ఉంది. మిగతా చిప్ అంతా పడుకున్నా, వేడిని కనిపెట్టే చిన్న ముక్క ఒకటి మేలుకుని ఉండాలి. వేడి మారినకొద్దీ దాచిన అంకెను అదే కాస్త కాస్త సరిదిద్దుతూ ఉండాలి. ఆ లెక్క చేత్తో వేసి, సరిదిద్దిన అంకెలు పెట్టి, మళ్ళీ మిషను ఆడించి చూసింది. ఈసారి చాలాసార్లు లేచింది. అప్పుడప్పుడు మాత్రం లేవలేదు. ఎందుకు లేవడం లేదో అంతు చిక్కలేదు. వేడి సరే, గడియారం సరే, అంకెలు సరే. అయినా తప్పుతోంది. ఎప్పుడు తప్పుతుందో చెప్పడానికి కూడా లేదు.

ఆ వారాల్లో ఆమె మొహం చూడలేకపోయేవాణ్ణి. భోజనాల వేళ క్యాంటీనుకు వచ్చేది కానీ, పళ్ళెంలోది కెలికి వదిలేసేది. ఒక రోజు మా స్టాపులో బస్సు ఆగితే డ్రైవరు సీట్లో వాళ్ళాయన ఉన్నాడు. నన్ను చూసి, "ఏమండీ, మావిడ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఆఫీసులో ఏమన్నా గొడవా?" అని అడిగాడు. వెనక బస్సు హారన్ కొడుతున్నా కదల్లేదు. గొడవ కాదు, లింకు లేవడం లేదు అని చెప్పాను. "అంతేనా! ఇంకేమో అనుకుని హడలి చచ్చాను," అంటూ బస్సు తీశాడు. ఆ సాయంత్రం ఆయన ఆమెను కూర్చోబెట్టి, మానేస్తే మానెయ్, ఎవరూ ఏమీ అనరు అన్నాడట. ఆమె అన్న మాట ఆయనే తర్వాత నాకు చెప్పాడు.

"మానేస్తే ఎవరూ ఏమీ అనరు. అది నాకూ తెలుసు. కానీ ఆ తల్లి 'లేదా' అనడం నాకు వినపడుతూనే ఉంటుంది కదండీ."

దారి దొరికింది ఒక మధ్యాహ్నం. మేం తెచ్చుకున్న టీలు మీగడ కట్టాయి. సిగ్నల్‌ను గీతగా చూపించే ఆసిలోస్కోపు తెర మీద, లింకు లేచే మొదటి క్షణాన్ని పెద్దది చేసి చూస్తోంది ఆమె. నేను పక్కన కూర్చుని నా గీతలు నేను గీసుకుంటున్నాను. ఉన్నట్టుండి నా మోచెయ్యి పట్టుకుని లాగింది.

"ఇటు చూడు అన్నయ్యా. ఈ మొదటి బిట్లు ఎక్కడి నుంచి బయల్దేరుతున్నాయి?"

చూశాను. మామూలుగా సిగ్నల్ ఒక మట్టానికి పైకీ కిందికీ సమానంగా ఊగుతుంది. ఇక్కడ మొదటి బిట్లు బాగా కింద నుంచి మొదలై, మెల్లగా పాకుతూ ఆ మట్టానికి చేరుతున్నాయి.

"తీగ మీద మట్టం దిగిపోయింది," అన్నాను.

"దిగిపోలేదు. మనమే వదిలేశాం."

వైరు దారిలో బుల్లి కెపాసిటర్లు ఉంటాయి. ఒక వైపు స్థిరంగా ఉండే వోల్టేజీ రెండో వైపు రాకుండా ఆపి, మారే సిగ్నల్‌ను మాత్రం పోనిస్తాయి. లింకు నడుస్తున్నంతసేపూ వాటి మీద ఛార్జి ఒక మట్టంలో నిలిచి ఉంటుంది. నిద్రలో ఒక్క చుక్క కరెంటు కూడా ఖర్చు కాకూడదని మేం సమస్తం ఆపేశాం. ఆ ఛార్జి కొంచెం కొంచెంగా కారిపోతోంది. కాసేపే పడుకుంటే ఫరవాలేదు. ఎక్కువసేపు పడుకుంటే, లేచేటప్పుడు గడియారం ఎంత సరిగ్గా ఉన్నా, రిసీవరుకు మొదటి బిట్లు సున్నాలో ఒకట్లో తెలియడం లేదు. కొన్నిసార్లే తప్పడానికి కారణం అదీ. నర్సు ఎంతసేపు మాట్లాడిందన్న దాని మీద ఆధారపడి ఉంది.

చేయాల్సింది చిన్నదే. నిద్రలో కూడా ఆ తీగను ఆ మట్టంలో పట్టి ఉంచడానికి ఒక బలహీనమైన సర్క్యూటును వదిలిపెట్టాలి. దానికయ్యే కరెంటు చాలా తక్కువ, కానీ సున్నా కాదు. గడువుగారు అక్కడ అడ్డం తిరిగాడు.

"నిద్రలో ఖర్చు సున్నా అని ఊరంతా చెప్పుకున్నాం. ఇప్పుడు కాదంటే బాగుంటుందా? పక్క కంపెనీ వాళ్ళది సున్నాయే."

"మనది ఇప్పుడు ఎంత సార్?"

"సున్నా."

"నర్సుల దగ్గర?"

ఆయనకు అర్థం కాలేదు.

"వాళ్ళందరూ నిద్ర తీసేశారు సార్. మా చెల్లెలూ తీసేసింది. అంటే యంత్రం రోజంతా మేలుకునే ఉంటోంది. మన సున్నా కాగితం మీదే ఉంది. లేపితే లేస్తుందని నమ్మకముంటేనే కదా దాన్ని పడుకోనిచ్చేది."

గడువుగారు బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. "సరే, పెట్టండి. పెట్టి తేదీకి ఇవ్వండి," అన్నాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "మా ఇంట్లో కూడా కోడలికి నెలలు నిండుతున్నాయి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇక నా వంతు వచ్చింది. వేడిని కనిపెట్టే ముక్క గడియారానికి ఆనుకునే ఉండాలంది. అక్కడ సూది మోపే సందు లేదు. ఆ మూలంతా విప్పి మళ్ళీ కట్టాను. ఒక తీగ జరిపితే నాలుగు తీగలు అలిగేవి. ఆమె ఓపికగా పక్కనే కూర్చుని, ఏది జరపొచ్చో ఏది జరపకూడదో చెప్పేది. తల ప్రాణం తోకకొచ్చింది కానీ తేదీకి ఇచ్చాం.

చిప్ తిరిగి రావడానికి చాలా నెలలు పట్టింది. ఈలోగా గడువుగారికి మనవరాలు పుట్టింది, చలి వెళ్ళిపోయి ఎండలొచ్చాయి. చిప్ వచ్చిన రోజు ల్యాబులో ఆమె దాన్ని బోర్డు మీద పెట్టి, చల్లబరిచి, వేడి చేసి, కాసేపు పడుకోబెట్టి, గంటలు పడుకోబెట్టి, ఎన్ని విధాలుగా లేపినా లేచింది. తెర మీద బొమ్మ ఆగినట్టే అనిపించలేదు. గడువుగారు అందరికీ కేకులు తెప్పించాడు.

తీరా ప్రోబ్‌లో బిగించాక ఇంకో వింత. ఈసారి అసలు నిద్రే పోదు. పడుకోమంటే పడుకుని మరుక్షణమే లేచి కూర్చుంటుంది. చేతిలో కేకు ముక్కతో మేమంతా నోళ్ళు వెళ్ళబెట్టాం. నిదానంగారు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంది. లింకును లేపడానికి చిన్న చెవి లాంటి సర్క్యూటు ఒకటి ఎప్పుడూ వింటూ ఉంటుంది. ప్రోబ్‌లో శబ్దతరంగాలు పుట్టించే భాగం పక్కనే ఉండటంతో, అది ఏ కాస్త అలికిడి చేసినా ఈ చెవి తననే పిలుస్తున్నారనుకుని లేచిపోతోంది. అదృష్టం కొద్దీ, ఎంత అలికిడికి లేవాలి, ఎలాంటి పిలుపుకు లేవాలి అన్నవి బయటి నుంచి మార్చుకునేలా ఆమె ముందే ఏర్పాటు చేసింది. అప్పట్లో చోటు దండగ అని నేను సణిగిన ఏర్పాటే అది. ఒట్టి అలికిడికి కాకుండా, ఒక క్రమంలో వచ్చే పిలుపుకే లేవాలని మార్చింది. వారం తిరగకుండానే ప్రోబ్ కుదురుగా పడుకోవడం, పిలవగానే లేవడం నేర్చుకుంది.

కొత్త యంత్రాలు ఆస్పత్రికి వెళ్ళాయి. కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ చెల్లెలి వెంట బయల్దేరింది. ఈసారి నన్నూ రమ్మంది. నేను చేసిన మూల ఎలా పనిచేస్తుందో చూసుకోమంది. మూడో అంతస్తులో ఒక ఇల్లు. బట్టలు ఆరేసిన బాల్కనీ, గోడకు కొత్త ఊయల ఆనించి ఉంది, ఇంకా బిగించలేదు. నేను గది బయటే నిలబడ్డాను. ఆ తల్లి గలగలా మాట్లాడే మనిషి. చెల్లెలూ అంతే. ఇద్దరూ ఊయల ఎటు వైపు పెట్టాలన్న దాని మీద పడ్డారు. యంత్రం మంచం మీద తన మానాన తను నిద్రపోయింది. చెల్లెలు మాట ఆపకుండానే ప్రోబ్ అందుకుని పొట్ట మీద ఆనించింది. బొమ్మ అప్పటికే అక్కడుంది. "ఇదిగో, మీ బిడ్డ బొటనవేలు నోట్లో పెట్టుకుంది," అంది చెల్లెలు. ఆ తల్లి పకపకా నవ్వింది. తెర నల్లగా ఉండటం అనేది ఆమెకు తెలియనే తెలియదు. మళ్ళీ ఊయల గురించి మొదలుపెట్టారు.

నిదానంగారు నా వంక చూసింది. కళ్ళు చెమ్మగిల్లాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

మెట్లు దిగుతూ అడిగాను చెల్లెలిని. "ఎలా ఉందమ్మా కొత్త యంత్రం?"

"కొత్తదా? ఓ, అవును కదూ! బాగుందండీ. సాయంత్రం దాకా బ్యాటరీ వస్తోంది."

"అంతేనా?" అన్నాను. నాకు కాస్త ఉక్రోషం వచ్చింది.

"ఇంకేముంది? పెట్టగానే కనిపిస్తుంది. కనిపించాలి కదా మరి?" అని, అక్క వైపు తిరిగింది. "కానీ అక్కా, ఈ వైరుంది చూడు, చంపుతోందే. ఒకటే చిక్కులు పడుతుంది. పైగా జెల్ సీసా పెట్టుకోవడానికి సంచీలో చోటు లేదు. వాటి సంగతి చూడకూడదూ?"

"జెల్ సీసా నా పని కాదే తల్లీ."

"మరి వైరో?"

"వైరు సంగతి చూడొచ్చు. సన్నం చేస్తే సిగ్నల్ నీరసపడుతుంది. దాని గురించి ఏదో ఒకటి చెయ్యాలి."

"ఎప్పటికి చేస్తావు?"

"ముందు నువ్వు నడువ్. పై వీధిలో ఇంకో ఇల్లుందన్నావు కదా," అంటూ నిదానంగారు చెల్లెలి భుజం మీది సంచీ అందుకుంది. ముగ్గురం ఎండలోకి వచ్చి పై వీధి దారి పట్టాం.